మూడో భాగం వచ్చేదాకా

ఫిబ్రవరి 5, ఆదివారం

సింగిల్ కోరా, డ్యూయల్ కోరా? వారం రోజులుగా ఈ ఇంట్లో ఇదే గొడవ. ఇదొక్కటే గొడవైతే ఎంత బాగుండేది.

తమ్ముడికి కంప్యూటర్ కొనిస్తానని మాటిచ్చాను. పాతది మదర్‌బోర్డు కాలిపోయి మూలపడి ఏడాదిన్నర అయింది. అప్పట్నుంచి వాడు ఒక్కసారీ అడగలేదు. కిందటి నెల ఎడమ కంటి చూపు మధ్యలో మసక కమ్మి, మూడు వారాల్లో ఆ కన్ను పనికిరాకుండా పోయాక నేనే అడిగాను, నీకేం కావాల్రా అని. గేములాడుకునే కంప్యూటర్ అన్నాడు. ఇరవై మూడేళ్ళవాడు, ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగస్తుడు, పదేళ్ళ పిల్లాడిలా చెప్పాడు.

ఇవాళ ఇద్దరం కంప్యూటర్లు బిగించి ఇచ్చే షాపుకి వెళ్ళాం. అక్కడావిడని మేం స్క్రూడ్రైవర్ మేడమ్ అంటాం. ఎప్పుడు చూసినా జుట్టు ముడిలో ఒక స్క్రూడ్రైవర్ దోపుకుని ఉంటుంది. ఆవిడ కళ్ళజోడుకి అద్దాలు సానపట్టింది నేనే కాబట్టి నాతో అబద్ధం చెప్పదు. ఆవిడ చెప్పింది నాకర్థమైనంతవరకు ఇదీ. సింగిల్ కోర్ అంటే కంప్యూటర్ మెదడులో ఒక్కడే పనివాడు, కానీ మహా చురుకు. డ్యూయల్ అంటే ఇద్దరు, ఒక్కొక్కడూ కాస్త నెమ్మది. ఇప్పుడొస్తున్న గేములకి ఒక్కడితోనే పని. రెండోవాడు చేతులు కట్టుకుని నిలబడతాడు. వచ్చే ఏడాది, ఆపై ఏడాది వచ్చే గేములు ఇద్దరికీ పని చెబుతాయట.

"ఇవాళ్టికైతే సింగిలే స్పీడు సార్. డ్యూయల్ రేపటికోసం" అంది.

రేపటికోసమే కావాలన్నాను. వాడు మాత్రం నాకు ఇవాళ్టికి చాలన్నాడు. సింగిల్ అయితే చేతిలో ఉంది, రేపు సాయంత్రానికి బిగించి ఇచ్చేస్తానంది ఆవిడ. డ్యూయల్ తెప్పించాలి, మూడు వారాలు. ఆలోచించి చెబుతామని వాణ్ణి బయటికి లాక్కొచ్చాను.

ఇంటికొచ్చాక పరీక్ష చేశాను. నేను పనిచేసే దుకాణం నుంచి పాత ఇంగ్లీషు అక్షరాల చార్టు ఒకటి తెచ్చి ముందుగదిలో మేకుకి తగిలించాను. ఎడమ కన్ను మూయించి, గీత దగ్గర నిలబెట్టి, స్కేలుతో ఒక్కో అక్షరం చూపిస్తాను. మొత్తం ఎనిమిది వరుసలు. ఏడోది చదివితే ఆ కంటికి ఢోకా లేనట్టే. పద్దెనిమిదేళ్ళుగా కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానపడుతున్నవాడి మాట ఇది.

కుడి కన్ను: ఏడో వరుస.

ఫిబ్రవరి 8

అమ్మా, వాడూ, నేనూ పెద్దాసుపత్రికి వెళ్ళాం. డాక్టరు వాణ్ణి బయట కూర్చోమని, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగాడు. అమ్మ తలొంచుకుని తన తమ్ముడి పేరు చెప్పింది. మామయ్యకి ఇరవై ఆరో ఏట ముందు ఒక కన్ను, తర్వాత రెండోది పోయాయి. మధ్యలో ఎన్నాళ్ళు పట్టిందని అడిగితే నాలుగు నెలలంది. ఆయన రాసుకున్నాడు. మందు లేదన్నాడు. అద్దాలతో పోయేది కాదని నాకు ప్రత్యేకంగా చెప్పాడు, నా వృత్తి తెలిసి కాబోలు.

రెండో కంటి సంగతేమిటంటే "ఇప్పుడే చెప్పలేం" అన్నాడు.

చెప్పలేం అంటే చెప్పలేం. పోతుందని కాదు. ఈ మాట అమ్మకి బస్సులో నాలుగుసార్లు విడమరిచి చెప్పాను. ఆవిడ వినదు. నా వైపు నుంచే వచ్చింది, నా కడుపున పుట్టకపోతే వాడు సుఖంగా ఉండేవాడు అంటుంది. ఆవిడ కడుపున పుట్టకపోతే వాడు వాడెలా అవుతాడు? ఆ మాటంటే నాతో వాదించకురా అంది.

ఫిబ్రవరి 9

పొద్దున లేవగానే ఒక్కో కన్నూ మూసి క్యాలెండర్ చూశాను. నావి బాగున్నాయి. నేనూ ఆ తల్లి కొడుకునే కదా. సిగ్గేసింది.

ఫిబ్రవరి 12, ఆదివారం

మళ్ళీ అదే గొడవ. ఈసారి నేను గొంతు పెంచాను.

మేమిద్దరం ఆడిందల్లా ఒకటే ఆట. రైలు ఆట. మంచులో ఒక రైలు పోతూ ఉంటుంది, దొంగలు వెంటపడతారు, దాన్ని ఆఖరి స్టేషన్‌కి చేర్చాలి. మొదటి భాగం వాడి పదో తరగతిలో ఆడాం. ఒకటే కంప్యూటర్, ఇద్దరం. ఆవిరి, బ్రేకులు నావి, కీబోర్డు మీద. మౌస్ వాడిది. గురిపెట్టి దొంగల్ని కొట్టడం, పట్టాలు మార్చడం అంతా వాడే. రెండో భాగంలో అన్నీ దాటాం. ఆఖరి వంతెన ఒక్కటీ దాటలేదు. దాని మీద ఉండగానే మదర్‌బోర్డు కాలింది. నేను ఆవిరి ఎక్కువిచ్చినందుకే కాలిందని వాడు వారంరోజులు ఏడిపించాడు. అక్కడిదాకా ఆడింది వాడు సీడీలోకి ఎక్కించి దాచాడు కాబట్టి మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టక్కర్లేదు. నెట్ సెంటర్లో ఆడేద్దామంటే బయటి సీడీలు వెయ్యనివ్వరు.

ఆ స్టేషన్లో ఏముంటుందన్నది మా ఇద్దరికీ పాత పేచీ. జనం ఉంటారు, ప్లాట్‌ఫారం నిండా ఎదురుచూస్తుంటారు అంటాడు వాడు. ఒక్క పురుగుండదు, వాళ్ళెప్పుడో వెళ్ళిపోయుంటారు అని నేను.

మూడో భాగం వచ్చే ఏడాది వస్తుంది. పత్రికలో వేశారు. అది డ్యూయల్ కోర్ మీదే బాగా నడుస్తుందట. ఆ పేజీ చించి వాడి ముందు పెట్టాను. వాడు దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని, పక్కకి తిప్పి, మళ్ళీ నాకిచ్చేశాడు.

"ఒక్క వంతెన అన్నయ్యా. అది దాటితే చాలు నాకు. మూడో భాగం నేనేం చేసుకోను?"

ఏం చేసుకోవడమేమిట్రా, ఆడతావు అన్నాను. అప్పుడే గొంతు పెరిగింది. వచ్చే ఏడాదికి పనికిరాని సరుకు ఇంట్లోకి తేనన్నాను, ముందుచూపు లేనివాళ్ళ బతుకులు ఇలాగే ఉంటాయన్నాను. ముందుచూపు. ఆ మాట నోట్లోంచి వచ్చాక తెలిసింది. అమ్మ వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపేసింది. వాడే నవ్వి, సరే పద, పరీక్ష పెట్టవా అన్నాడు.

ఏడో వరుస. పోయినసారిలాగే నాలుగో అక్షరం దగ్గర "ఓ... కాదు, డీ" అని దిద్దుకున్నాడు. చూపు లేనివాడు అలా దిద్దుకోలేడు కదా. ఆ సంగతి అమ్మకి చెప్పాను.

ఫిబ్రవరి 13

డ్యూయల్ కోర్‌కి ఆర్డరిచ్చి వచ్చాను. మధ్యాహ్నం భోజనం మానేసి వెళ్ళాను, వాడికి చెప్పలేదు.

సాయంత్రం చెబితే "సరేలే, నీ ఇష్టం" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు. అంటే లోపల వాడికీ ఇదే ఇష్టమన్నమాట. బెట్టు చేశాడంతే. చిన్నప్పుడూ అంతే, వద్దు వద్దంటూ ముందు వాడే చెయ్యి చాపేవాడు.

ఫిబ్రవరి 19, ఆదివారం

ఏడో వరుస.

ఫిబ్రవరి 22

మామయ్య ఫోన్ చేశాడు. ఆయన ఒక పెద్ద ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరు. ముప్ఫై ఏళ్ళుగా గొంతులతోనే బతుకుతున్నాడు. నేను హలో అన్న తీరు విని జలుబు చేసిందా అని అడుగుతాడు, నిజంగానే చేసి ఉంటుంది. తమ్ముడి సంగతి ఆయనకి అమ్మే చెప్పింది.

కంప్యూటర్ సంగతి అంతా విన్నాడు. తర్వాత, రెండో కన్ను మసకేస్తున్న సంగతి మొదట్లో తను ఇంట్లో ఎవరికీ చెప్పలేదన్నాడు. వాళ్ళ నాన్న పేపరు చదవమంటే నిన్నటి కబుర్లే కొంచెం మార్చి చదివేవాడట. ఎవరికీ అనుమానం రాలేదట. ఎందుకంటే ఎవరికీ అనుమానించాలని లేదట.

"వాడికి ఇప్పుడేది చూడాలనుంటే అది ఇప్పుడే చూపించు నాయనా. తర్వాత చూద్దాం అనే మాట ఆ ఇంట్లో అనకు" అన్నాడు.

ఆయన మంచివాడే. కానీ ఆయన కాలం వేరు, అప్పటి వైద్యం వేరు. అయినా మావాడు ఏడో వరుస చదువుతున్నాడు. అందరి కళ్ళనీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

ఫిబ్రవరి 26, ఆదివారం

ఏడో వరుస.

ప్రెస్సుకి సెలవు పెట్టాడు, కంటికి విశ్రాంతి కావాలట. మంచి పని చేశావన్నాను. ఒక్కటే చిరాకు, ఈ మధ్య నాతో మాట్లాడేటప్పుడు నా మొహం వైపు చూడడు. నా చెవి పక్కనుంచి ఎటో చూస్తూ మాట్లాడతాడు. మనసు ఎక్కడుందిరా అని రెండుసార్లు కసిరాను. ఇక్కడే ఉంది అంటాడు.

భోజనాల దగ్గర మంచినీళ్ళ చెంబు తన్నేశాడు. అమ్మ అలవాటుకొద్దీ "కళ్ళు కనపడట్లేదట్రా?" అంది. అని, గుడ్డ తేవడానికి లోపలికెళ్ళి ఎంతకీ రాలేదు. నీళ్ళు నేనే తుడిచాను. చెంబు దారికి అడ్డంగా పెట్టింది కూడా నేనే.

మార్చి 2

ఇంకా రాలేదు. మూడు వారాలన్నారు, మూడు వారాలు కావస్తోంది. షాపుకెళ్తే స్క్రూడ్రైవర్ మేడమ్ ఒక ఉపాయం చెప్పింది. బోర్డు రెండింటికీ ఒకటేనట. ప్రస్తుతానికి సింగిల్ బిగించి ఇచ్చేస్తాను, అది రాగానే పది నిమిషాల్లో మార్చేస్తానంది. పైసా అదనంగా తీసుకోనంది. ఇవాళే పట్టుకెళ్ళండి సార్ అని పెట్టె కూడా తీసి బల్లమీద పెట్టింది.

వద్దన్నాను. మా పనిలో ప్రస్తుతానికి అనేది ఉండదు. అద్దం ఒకసారి సానపట్టామంటే పట్టినట్టే, అరిగింది మళ్ళీ పెరగదు. ఫ్రేములో ఒకటి పెట్టి తర్వాత ఇంకోటి మార్చడం చేతకాని వాళ్ళు చేసే పని. మా యజమాని నాకు పద్దెనిమిదో ఏట నేర్పిన మొదటి పాఠం ఇది, ఇన్నేళ్ళలో తప్పలేదు. ఆవిడ నన్ను కళ్ళజోడు పైనుంచి చూసి, పెట్టె మళ్ళీ లోపల పెట్టేసింది.

మార్చి 5, ఆదివారం

ఏడో వరుస.

మార్చి 8

వచ్చింది! మధ్యాహ్నం సెలవు పెట్టి నేనే ఆటోలో తెచ్చాను. ముందుగదిలో చార్టు కింద బల్ల వేసి పెట్టాం. వాడు కుర్చీ లాక్కుని మానిటరుకి జానెడు దూరంలో కూర్చున్నాడు. అంత దగ్గరగా ఏమిట్రా, కళ్ళు పాడవుతాయి అన్నాను.

సీడీ వేశాం. వంతెన దగ్గరికే తెరుచుకుంది. మంచు, చీకటి, ఇంజన్ కూత. అన్నీ ఎక్కడ వదిలామో అక్కడే ఉన్నాయి. వాడు నా భుజం పట్టుకున్నాడు. నేను ఆవిరి ఇచ్చాను.

రైలుకి పిచ్చెక్కింది. ఒక్క ఉదుటున దూసుకుపోతుంది, వెనక్కి ఎగురుతుంది, మళ్ళీ ముందుకి. బ్రేకు వేస్తే ఒకసారి పడుతుంది, ఇంకోసారి పట్టదు. దొంగలు తెర మీద ఈగల్లా తిరుగుతున్నారు. మూడు క్షణాల్లో లోయలో పడ్డాం. పదకొండుసార్లు ఆడాం, పదకొండుసార్లూ అంతే.

సీడీ గీతలు పడి ఉంటుంది.

మార్చి 9

సీడీ కాదు.

మార్చి 10

గ్రాఫిక్స్ కార్డేమోనని తీసి తుడిచి పెట్టాను. కాదు. ఆటని తీసేసి మళ్ళీ ఎక్కించాను. కాదు. కొత్త గేములైతే బ్రహ్మాండంగా నడుస్తున్నాయి, కంప్యూటర్‌తో పాటు రెండు ఇచ్చిందావిడ. వాటిని వాడు ముట్టుకోలేదు.

మేడమ్‌ని అడుగుదామా అన్నాడు వాడు. అక్కర్లేదన్నాను. సింగిల్ తీసుకోమని మొదటే చెప్పాను కదా సార్ అంటుంది. ఆ మాట పడడం నావల్ల కాదు. నాకూ బుర్ర ఉంది, నేనే బాగుచేస్తాను.

మార్చి 12, ఆదివారం

ఏడో వరుస.

మార్చి 15

ఆదివారం సంగతి రాయాలి. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాశానంటే నా అంత పిరికివాడు ఉండడు.

కంప్యూటర్ మీద దుమ్ము పడుతోందని అమ్మ శనివారం గోడ దులిపి, చార్టు తుడిచి మళ్ళీ తగిలించింది. దానికి రెండు వైపులుంటాయి. ముందువైపు అక్షరాలు, అక్షరాలు రానివాళ్ళ కోసం వెనకవైపు అంకెలు. అమ్మ వెనకవైపు బయటికి పెట్టి తగిలించింది. నేను గమనించలేదు. స్కేలు పట్టుకుని పక్కన నిలబడ్డాకే చూశాను. తిప్పుదామని చెయ్యి పెట్టేలోపు వాడు మొదలెట్టేశాడు.

నేను మొదటి వరుసలో అరచెయ్యంత మూడు అంకె మీద స్కేలు పెట్టి ఉన్నాను. వాడు "ఈ" అన్నాడు.

నేను ఆపలేదు. స్కేలు జరిపాను. వాడు రెండో వరుస చదివాడు, మూడో వరుస చదివాడు. నేను ఒక్కో అంకె మీదా స్కేలు పెడుతున్నాను, వాడు ఒక్కో అక్షరం చెబుతున్నాడు. చిన్న వరుసలకి వచ్చేసరికి కళ్ళు చిట్లించాడు కూడా. ఏడో వరుసలో నాలుగో అంకె ఆరు. దాని దగ్గర ఆగి, "ఓ... కాదు, డీ" అన్నాడు.

బాగుందిరా అన్నాను. ఏడో వరుస అన్నాను. హమ్మయ్య అన్నాడు వాడు, నవ్వుతూ, నా చెవి పక్కకి చూస్తూ.

ఆ చార్టు వాడికి రాకపోతే ఇంకెవరికి వస్తుంది? నాన్న పోయాక బడి నుంచి నేరుగా దుకాణానికే వచ్చేవాడు. నా పని అయ్యేదాకా ఆ చార్టు కిందే కూర్చుని హోమ్‌వర్క్ చేసుకునేవాడు. ఆరేళ్ళు. రోజుకి పాతికమంది దాన్ని చదువుతుంటే విన్నాడు. ఆ నాలుగో అక్షరం దగ్గర అందరూ తడబడతారు. దాన్నీ నేర్చుకున్నాడు. ఊళ్ళో ఉన్న చార్టులన్నీ వదిలి నేను ఆ చార్టే తెచ్చాను. తెచ్చి, ఆరు వారాలు వాడి ముందు స్కేలు పట్టుకుని నిలబడ్డాను.

ఏ వారం నుంచి కంఠస్థం చెబుతున్నాడో నాకు తెలియదు. పత్రికలో పేజీ పక్కకి తిప్పి చూసిన రోజా? అంతకు ముందేనా? మేడమ్ పెట్టె తీసి బల్లమీద పెట్టిన రోజుకి ఎంత కనిపించేది వాడికి? వంతెన దాటేంత కనిపించేదా?

మార్చి 16

స్క్రూడ్రైవర్ మేడమ్ దగ్గరికి వెళ్ళాను. రైలు సంగతి చెబితే సగంలోనే తలూపింది. పాత ఆటలతో ఇది మామూలేనట. లోపల ఇద్దరు పనివాళ్ళకి చెరో గడియారం ఉంటుంది, అవి కలవవు. ఆట ఒకసారి వీణ్ణి టైమడుగుతుంది, ఒకసారి వాణ్ణి. అందుకే రైలు ముందుకీ వెనక్కీ ఎగురుతుంది. ఆ ఆట నడిచేటప్పుడు రెండోవాణ్ణి పక్కన కూర్చోబెడితే సరి, ఒక్కడితోనే నడుస్తుంది. ఎలా చెయ్యాలో చీటీ మీద రాసిచ్చింది. మౌస్‌తో మూడు నొక్కులు.

"ఆ రోజే ఫోన్ చేసుంటే ఫోన్‌లోనే చెప్పేదాన్ని కదా సార్" అంది.

సింగిల్ తీసుకోమని మొదటే చెప్పానని మాత్రం అనలేదు. అని ఉంటే బాగుండేది.

మార్చి 17

దుకాణంలో సానరాయి ముందు కూర్చుని ఏడ్చాను. దాని మీద ఎప్పుడూ నీళ్ళు చిమ్ముతూనే ఉంటాయి కాబట్టి మొహం తడిగా ఉంటే ఎవరూ అడగరు. ఒక అద్దం పాడుచేశాను. పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ ఇదే.

నేను వాడి కోసం కొనలేదు. మూడో భాగం వచ్చేసరికి వాడు చూస్తూ ఉంటాడని నాకు ఎవరో ఒకరు చెప్పాలి, ఎవరూ చెప్పలేదు, అందుకని దాన్ని కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నాను. వాడు నెల రోజులు కళ్ళుండగా అడిగాడు, ఒక్క వంతెన అన్నయ్యా అని. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఇప్పుడు చీటీ జేబులో పెట్టుకు తిరుగుతున్నాను.

మార్చి 18

చీటీ ప్రకారం మూడు నొక్కులు నొక్కాను. రైలు పెళ్ళినడక నడిచినట్టు బుద్ధిగా వెళ్ళింది. ఆపేశాను.

రేపు ఆడదామా అని అడిగాను. వాడు కాసేపు గోళ్ళు చూసుకున్నాడు, చూసుకున్నట్టు తలొంచాడు.

"ఈసారి మౌస్ నువ్వు పట్టుకో అన్నయ్యా. ఆవిరి నేను చూసుకుంటా. ఆ రెండు మీటలూ వేళ్ళకి తెలుసు" అన్నాడు.

ఎందుకని నేను అడగలేదు. మార్చుకుందాం, మంచి ఐడియా అన్నాను.

మార్చి 19, ఆదివారం

పరీక్ష పెట్టలేదు. వాడూ అడగలేదు.

పది గంటలకి కూర్చున్నాం. కిటికీ తలుపులు బార్లా తీసి ఉన్నాయి. నేను చూసింది చూసినట్టు చెప్పాలి, వాడు ఆవిరి ఇవ్వాలి, బ్రేకు వెయ్యాలి. మొదటిసారి నేను చెప్పేలోపే పడిపోయాం. నీ నోరు సింగిల్ కోర్ అన్నయ్యా, అది కూడా పాత మోడల్ అన్నాడు. రెండోసారి మూడు స్తంభాలు దాటాం. గురిపెట్టడం నాకు చేతకాదు, దొంగలు పెట్టెలెక్కేస్తున్నారు. వాడు చప్పుడు విని "ఎడమవైపు ఇద్దరు" అంటాడు, చూస్తే ఇద్దరే ఉంటారు. అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏమవుతోందిరా అని అడిగితే వాడే చెప్పాడు, గెలుస్తున్నామమ్మా అని. గెలవడం లేదు, నాలుగోసారి పడ్డాం.

ఎనిమిదోసారి దాటాం.

ఆఖరి స్తంభం దగ్గర బ్రేకు అన్నాను, నేననకముందే వాడు వేశాడు. వంతెన వెనక కూలిపోయింది, రైలు ఇవతల ఉంది. వాడు కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇప్పుడు స్టేషన్ వస్తుంది కదా అన్నాడు. ఆ, వస్తుంది అన్నాను.

సంగీతం మొదలైంది. తెర నల్లబడింది. నేను ఆగాను. సంగీతం సాగుతోంది, తెర నల్లగానే ఉంది. ఆఖరి సినిమా ముక్కని ఈ కొత్త కంప్యూటర్ చూపించలేకపోయినట్టుంది, పాట ఒక్కటే వస్తోంది. రేపు మేడమ్‌ని అడిగితే అదీ బాగయ్యేదే అయి ఉంటుంది. కానీ వాడు నా పక్కన కూర్చుని ఉన్నాడు, చెప్పు చెప్పు అంటున్నాడు.

"స్టేషన్ కనిపిస్తోందిరా. దీపాలు పెట్టారు" అన్నాను. "నువ్వే గెలిచావు. జనం ఉన్నారు, ప్లాట్‌ఫారం నిండా జనం."

వాడు తల కొంచెం కుడికి తిప్పాడు. తర్వాత ఎడమకి తిప్పాడు.

"తెర నల్లగా ఉంది అన్నయ్యా. నాకు మధ్యలోదే కనపడదు, అంచులు తెలుస్తాయి" అన్నాడు.

గుమ్మం దగ్గర అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పాట ఇంకా వస్తోంది.

"ఆ రోజు చార్టు తిరగేసి తగిలించానని అమ్మ చెప్పింది" అన్నాడు వాడు. "నువ్వు అంకెల మీద స్కేలు పెడితే నేను అక్షరాలు చదవలేదూ? నువ్వు విన్నావు కదా, చివరిదాకా. ఇప్పుడు నువ్వు చెప్పు, నేను వింటాను. జనంలో ఎవరెవరున్నారు?"

చెప్పాను. ముందు ఒక ముసలాయన ఉన్నాడన్నాను, చేతిలో గొడుగు, మంచుకి తడిసిపోయింది. పక్కన ఒకావిడ, కొడుకు కోసం వచ్చింది, మెడ చాచి ప్రతి కిటికీలోకీ చూస్తోంది. ఆవిడకి కొడుకు దొరికాడా అన్నాడు. దొరికాడన్నాను. ముడిలో స్క్రూడ్రైవర్ పెట్టుకున్న ఒకావిడ ఇంజన్ చుట్టూ తిరిగి చూస్తోందన్నాను. పకపకా నవ్వాడు. పాట అయిపోయింది, మళ్ళీ మొదలైంది, నేను చెబుతూనే ఉన్నాను. అమ్మ వచ్చి నేల మీద వాడి కాళ్ళ దగ్గర కూర్చుంది.

వాడు విన్నంతసేపూ నా చెవి పక్కకే చూశాడు. అలా చూస్తే నా మొహం ఇంకా కొంచెం కనిపిస్తుందట.